చాసిస్ చూసి కొన్న పాత టాహో: నా అనుభవం

షెవర్లే టాహో అనే పెద్ద ఎస్‌యూవీ, 2004 మోడల్ ఒకటి తక్కువ ధరకు కొని, సెలవు రోజుల్లో సొంత చేతులతో బాగుచేసుకోవాలని నేను అనుకున్న నాటికీ, ఆ బండి ఇంటిల్లిపాదినీ ఎక్కించుకుని నమ్మకంగా దూరప్రయాణం చేసిన నాటికీ మధ్య పదకొండు నెలలు గడిచాయి. అందులో మొదటి మూడు నెలలు కేవలం వెతకడానికే పోయాయి. అప్పట్లో ఆ కాలమంతా వృథా అవుతోందని బాధపడ్డాను గాని, తరువాతి ఎనిమిది నెలల పని నిలిచింది ఆ వెతుకులాట మీదనే కనుక ముందుగా దాని గురించే రాస్తాను.

ఇంత పెద్ద బండినే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. ఈ రోజుల్లో వచ్చే ఎస్‌యూవీల్లో చాలా వాటికి కారుకు ఉన్నట్టే బాడీ, చాసిస్ (బరువంతా మోసే అడుగు చట్రం) కలిసి ఒకే నిర్మాణంగా ఉంటాయి. టాహో అలాంటిది కాదు. నిచ్చెన ఆకారపు విడి చాసిస్ మీద బాడీని రబ్బరు బుష్‌లతో, బోల్టులతో బిగించి తయారుచేసిన బండి అది. ఇంజన్ 5.3 లీటర్ల వీ8, అంటే ఎనిమిది సిలిండర్లది. సిలిండర్లు ఉండే బ్లాకు ఇనుముది, వాటిని పైన మూసే హెడ్లు అల్యూమినియంవి, వాల్వులను సమయానికి తెరిచే టైమింగ్‌కు బెల్టు బదులు గొలుసు ఉంటుంది, సిలిండరుకు రెండేసి వాల్వులు. బానెట్ ఎత్తితే చాలా చోట్ల చెయ్యి, స్పానరు రెండూ కలిసి దూరేంత ఖాళీ కనిపిస్తుంది. అదే కాలపు సిల్వరాడో పికప్‌తో ఇంజన్, గేర్‌బాక్స్, ముందు సస్పెన్షన్ భాగాలు చాలావరకు కలుస్తాయి కనుక, ఇరవై ఏళ్లు దాటినా విడిభాగాల కోసం వెతుక్కోవలసిన పని లేదు. సుమారు 2300 కిలోల బరువుతో లీటరుకు ఆరేడు కిలోమీటర్లకు మించి ఇవ్వదు కనుక రోజూ తిరగడానికి దీన్ని కోరుకునేవారు తక్కువ. నాలాగా నేర్చుకుంటూ బాగుచేయాలనుకునేవాడికి ఇది చవకగా దొరకడానికి కారణం కూడా అదే.

మా పెద్దనాన్నగారి అబ్బాయి ఇరవై ఏళ్లకు పైగా లారీల మెకానిక్‌గా పనిచేశాడు. నా ఆలోచన చెప్పినప్పుడు ఆయన ఇంజన్ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. "తమ్ముడూ, ఇంజన్ పోతే ఇంకో ఇంజన్ తెచ్చి పెట్టుకోవచ్చు. గేర్‌బాక్స్ పోతే ఇంకోటి దొరుకుతుంది. చాసిస్ కుళ్లితే మాత్రం నీ దగ్గర ఉన్నది బండి కాదు, విడిభాగాల కుప్ప. ముందు కింద పడుకుని చూడు, ఆ తరువాతే బానెట్ ఎత్తు" అన్నాడు. ఆ మాట విలువ మొదటి బండి దగ్గరే తెలిసింది.

ఆ మొదటి బండి చూడడానికి ఎంతో బాగుంది. పెయింటు మెరుస్తోంది, సీట్లు చిరగలేదు, ఇంజన్ చప్పుడు మెత్తగా ఉంది. కింద చాసిస్ అంతా నల్లగా, తాజాగా పెయింటు వేసి ఉంది. నేను మురిసిపోయాను. అన్నయ్య మాత్రం చిన్న సుత్తి తీసుకుని ముందు చక్రాల వైపు నుంచి మొదలుపెట్టి వరసగా చాసిస్‌ను తడుతూ వెళ్లాడు. గట్టి ఇనుము మీద సుత్తి పడితే ఖణేల్‌మనే శబ్దం వచ్చి సుత్తి వెనక్కి ఎగురుతుంది. వెనక ఇరుసు మీదుగా చాసిస్ పైకి వంపు తిరిగే చోటికి రాగానే ఆ శబ్దం అట్టపెట్టెను తట్టినట్టు మారిపోయింది. ఇంకొకసారి తట్టేసరికి నల్లటి పొర ఊడి, లోపలి తుప్పు పొరలు పొరలుగా రాలి, నా బొటనవేలు పట్టేంత రంధ్రం తేలింది. మంచు పడే చోట్ల రోడ్ల మీద చల్లే ఉప్పు, బురదతో కలిసి సరిగ్గా ఆ వంపులోనే పేరుకుంటుందని, కడిగినా పోదని, లోపలి నుంచి తినుకుంటూ వస్తుందని అన్నయ్య వివరించాడు. తుప్పు మీద నేరుగా తారులాంటి పూత పూస్తే తడి లోపలే ఉండిపోయి తుప్పు ఇంకా వేగంగా పెరుగుతుంది. అందుకే పాత బండి కింద కొత్త నలుపు కనిపిస్తే, అది శ్రద్ధకు గుర్తని నమ్మే ముందు ఒకసారి తట్టి చూడాలి.

రెండో బండిని వదులుకున్నది చాసిస్ వల్ల కాదు. మేము చేరేసరికి బానెట్ వేడిగా ఉంది. చల్లని ఇంజన్ స్టార్ట్ అవుతున్నప్పుడు విందామని ముందే ఫోనులో కోరినా, అమ్మేవారు బండిని తిప్పి ఉంచారు. డాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపాలు ఏవీ వెలగడం లేదు. నేను బండి కంప్యూటరును చదివే ఓబీడీ స్కానరు పెట్టి చూస్తే ఫాల్ట్ కోడ్‌లూ ఏమీ లేవు. అక్కడితో ఆగి ఉంటే మోసపోయేవాడిని. స్కానరులో రెడీనెస్ మానిటర్లు అనే పట్టిక ఒకటి ఉంటుంది. ఆక్సిజన్ సెన్సార్లు, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్ వంటి భాగాల మీద కంప్యూటరు తన పరీక్షలను పూర్తిచేసిందో లేదో అందులో తెలుస్తుంది. కోడ్‌లు చెరిపేసినా, బ్యాటరీ వైరు తీసినా ఆ పరీక్షలన్నీ మళ్లీ మొదటికి వస్తాయి. అవి పూర్తికావడానికి మామూలుగా కొన్ని రోజుల డ్రైవింగ్ పడుతుంది. ఆ బండిలో ఒక్క పరీక్ష కూడా పూర్తి కాలేదు. అంటే కోడ్‌లను మేము రావడానికి కొంచెం ముందే చెరిపేశారన్నమాట. అడిగితే నిన్ననే బ్యాటరీ మార్చామన్నారు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లటి పొర పాతబడి గట్టిగా పట్టుకుని ఉంది. నమస్కారం పెట్టి వచ్చేశాం.

మూడో బండే నాది. పెయింటు ఎండకు పాలిపోయింది, డ్రైవరు సీటు చిరిగింది, ముందు అద్దం ఒక మూల నుంచి మరో మూల దాకా పగిలింది, చల్లని ఇంజన్ స్టార్ట్ చేయగానే గడియారంలాగా టిక్కుటిక్కుమనే చప్పుడు వచ్చింది. అమ్మేవారు వయసు మళ్లిన పెద్దమనిషి. చప్పుడు రెండేళ్లుగా ఉందని, వేడెక్కాక తగ్గుతుందని, బ్రేకు పైపుల మీద తుప్పు ఉందని అడగకముందే చెప్పారు. సర్వీసు బిల్లులు ఒక కవరులో వరసగా పెట్టి ఉంచారు. చాసిస్ నంబరులోని పదిహేడు అక్షరాలను డాష్‌బోర్డు మీద, తలుపు అంచు మీద, కాగితాల మీద పోల్చి చూశాను. పదోది 4 కనుక మోడల్ 2004 అని, ఎనిమిదోది టి కనుక ఇంజన్ 5.3 లీటర్లదేనని సరిపోయింది. టైర్ల పక్కన ఉండే నాలుగంకెల్లో మొదటి రెండూ వారాన్ని, చివరి రెండూ సంవత్సరాన్ని తెలుపుతాయి. వాటి ప్రకారం టైర్లు పదకొండేళ్లవి. ట్రెడ్ మిగిలినా రబ్బరు ఎండి పక్కల పగుళ్లు కనిపిస్తున్నాయి కనుక వాటిని అప్పుడే ఖర్చులో వేసుకున్నాను. మట్టినేల మీదకు తీసుకెళ్లి, నాలుగు చక్రాలూ కలిసి నెమ్మదిగా, బలంగా లాగే 'ఫోర్ వీల్ లో' గేరు కూడా వేసి చూశాం. కొంచెం తడబడి పడింది గాని, పడిన తరువాత గట్టిగా లాగింది. ఇక చాసిస్‌ను అన్నయ్య ఈ చివర నుంచి ఆ చివర దాకా ముప్పావు గంటసేపు తట్టాడు. ఎక్కడా శబ్దం మారలేదు. పైపైన గోధుమరంగు తుప్పు తప్ప లోపల ఇనుము గట్టిగా ఉంది. బయటికి వచ్చి చేతులు దులుపుకుంటూ, "ఇది కొనుక్కో" అని ఒక్క మాట అన్నాడు.

బేరం ఎక్కువసేపు సాగలేదు. నేను చూసిన లోపాలను కాగితం మీద రాసి ఆ పెద్దమనిషి ముందు పెట్టాను. ఆయన వాటిలో దేన్నీ కాదనలేదు, ధర కొంత తగ్గించారు. బండికి ఎంత ఇచ్చానో దాదాపు అంత సొమ్మునూ మరమ్మతుల కోసం విడిగా తీసిపెట్టాను. ఇలా బండిని బాగుచేసుకోవాలనుకునేవారు ఈ విషయంలో రాజీపడకూడదని నా గట్టి అభిప్రాయం. ఉన్నదంతా కొనడానికే ఖర్చుపెట్టి, బండిని ఇటుకల మీద నిలిపి ఏళ్ల తరబడి వదిలేసినవారిని చూశాను. బండి కన్నా ముందు వారి ఉత్సాహం తుప్పు పట్టిపోయింది.

ఇంటికి తెచ్చాక చేయవలసిన పనులన్నీ ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే ముప్పై నాలుగు తేలాయి. వాటికి వరస పెట్టడంలో మళ్లీ అన్నయ్య మాటే పాటించాను: బండి ముందు ఆగాలి, తరువాత చెప్పిన వైపుకు తిరగాలి, పరుగు సంగతి ఆ తరువాతే. ఇంజన్ చప్పుడే నా చెవుల్లో మోగుతున్నా బ్రేకు పైపుల నుంచి మొదలుపెట్టాను. ఇంత బరువైన బండి కిందికి వెళ్లేటప్పుడు జాకీ ఒక్కదాన్ని ఎప్పుడూ నమ్మలేదు. గట్టి నేల మీద చాసిస్ కింద నాలుగు స్టాండ్లు పెట్టి, చేత్తో బలంగా ఊపి, కదలడం లేదని చూసుకున్నాకే లోపలికి వెళ్లేవాడిని.

పాత ఉక్కు పైపులు చాసిస్ వెంట క్లిప్పుల్లో పట్టి ఉన్న ప్రతిచోటా ఉబ్బి ఉన్నాయి. ఒకచోట గోరుతో గీకితే పొర లేచి, బ్రేకు ఆయిలు చెమటలాగా ఊరింది. ఆ పైపు ఎన్ని రోజులు ఆగేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె ఝల్లుమంటుంది. చెడిన ముక్క ఒక్కటే కోసి అతుకు వేయడం సులభం గాని, పక్క ముక్క వయసు కూడా అంతే కనుక మొత్తం పైపులన్నీ మార్చాను. ఉక్కు బదులు రాగి, నికెల్ కలిసిన పైపు వాడాను. అది తుప్పు పట్టదు, చేత్తో వంగుతుంది, చివరలను గరాటు ఆకారంలో విప్పే ఫ్లేరింగ్ పని కూడా దాని మీద సులువు. ఆ చివరను ఒకసారి విప్పి, మళ్లీ లోపలికి మడిచి రెండు పొరలుగా చేయాలి. బ్రేకు పైపుల్లో ఉండే ఒత్తిడికి ఒంటి పొర ఆగదు. మొదటి పన్నెండు చివరల్లో ఏడింటిని కోసి పారేశాను. అంచు ఒక పక్కకు ఒరిగినా, సన్నని చీలిక కనిపించినా అది పనికిరాదు. తరువాత దూరంగా ఉన్న చక్రం నుంచి దగ్గరి చక్రానికి వరసగా, పైపుల్లో చిక్కిన గాలిని బయటికి పంపే 'ఎయిర్ తీయడం' చేశాం. మా ఆవిడ పెడల్ తొక్కి పట్టుకుంటే నేను కింద నిపిల్ విప్పి బిగించేవాడిని. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదనీ, తేమ పట్టాక కూడా 140 డిగ్రీల దాకా ఆగాలనీ నిర్ణీత ప్రమాణం. ఎన్నేళ్లుగా మార్చలేదో తెలియని ఆ నల్లటి ద్రవం బయటికి పోయి తేనెరంగు ఆయిలు వచ్చేదాకా తీస్తూనే ఉన్నాం.

స్టీరింగు వైపు పని తొందరగానే తేలింది. స్టీరింగును, చక్రాలను కలిపి పట్టే భాగాలైన టై రాడ్ చివరలు, ఇడ్లర్ ఆర్మ్, కింది బాల్ జాయింట్లు మార్చి చక్రాల అలైన్‌మెంట్ చేయించాను.

ఆ తరువాత చప్పుడు సంగతి. చల్లని ఇంజన్‌లో మొదలై వేడెక్కాక తగ్గే టిక్కుటిక్కు చాలాసార్లు సిలిండర్ల పొగను బయటి గొట్టంలోకి చేర్చే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ దగ్గర గ్యాసు లీకు అవుతున్న గుర్తు. ఇనుప మానిఫోల్డ్‌ను అల్యూమినియం హెడ్‌కు బోల్టులతో బిగిస్తారు. ఒకే వేడికి అల్యూమినియం ఇనుము కన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది. ప్రతి ప్రయాణంలోనూ ఈ రెండూ ఒకదాని మీద ఒకటి జరుగుతూ ఉంటే, ఏళ్లు గడిచేకొద్దీ చివరి బోల్టుల మీద భారం పెరిగి అవి తెగిపోతాయి. నా బండిలో కుడివైపు వెనక చివర, ఎనిమిదో సిలిండరు దగ్గరి బోల్టు తల లేదు. చక్రం తీసి, దాని వెనక ప్లాస్టిక్ కవరు విప్పితే ఆ మూల నేరుగా కనిపించింది. బోల్టు తెగిన చోట హెడ్ మీద చిమ్మిన మసి విసనకర్ర ఆకారంలో పరుచుకుని ఉంది.

మిగతా బోల్టులు కూడా తీస్తుంటే తెగిపోతాయేమోనన్న భయంతో ఐదు రోజులపాటు రోజూ సాయంత్రం తుప్పు వదిలించే నూనె పోస్తూ వచ్చాను. ఆరో రోజు ఒక్కొక్క బోల్టునూ కొంచెం విప్పి, మళ్లీ కొంచెం బిగించి, ఇంకొంచెం విప్పుతూ అన్నింటినీ తీయగలిగాను. మానిఫోల్డ్ ఊడి వచ్చింది. తెగిన ముక్క మాత్రం హెడ్‌లోనే, పైభాగంతో సమానంగా, పట్టుకోవడానికి ఏమీ లేకుండా మిగిలింది. దాన్ని డ్రిల్లు వేసి తీయబోతే బిట్టు మెత్తని అల్యూమినియంలోకి జారి హెడ్ పాడవుతుందని అన్నయ్య వెల్డింగ్ మిషను తీసుకువచ్చాడు. ముందు బ్యాటరీ వైర్లు తీశాం, చుట్టూ తడిగుడ్డలు పరిచాం, మంటలార్పే సిలిండరు చేతికి అందేలా పెట్టుకున్నాం. తెగిన ముక్క మీద ఒక నట్టును ఆనించి, దాని రంధ్రంలోంచి ముక్కకు వెల్డింగ్ చుక్క పెట్టాడు. ఉక్కు వెల్డింగ్ అల్యూమినియంకు అతుక్కోదు కనుక హెడ్‌కు పట్టుకోదు, ముక్కకు మాత్రమే పడుతుంది. పైగా ఆ వేడికి ముక్క ఉబ్బి, చల్లారేటప్పుడు కుంచించుకుని తుప్పు పట్టును వదిలించుకుంటుంది.

మొదటి నట్టు స్పానరు వేయగానే ఊడిపోయింది. రెండోది పావు వంతు తిరిగినట్టు అనిపించి అదీ ఊడింది. మూడోదానికి అన్నయ్య ఇంకొంచెంసేపు వెల్డింగ్ పట్టి, ఎర్రదనం పోయేదాకా మమ్మల్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఆ తరువాత స్పానరు నా చేతికి ఇచ్చి, "లాగకు, ఊపు" అన్నాడు. ఇటు వెంట్రుకవాసి, అటు వెంట్రుకవాసి ఊపుతుంటే మొదట ఏమీ కదల్లేదు. తరువాత కీచుమని ఒక సన్నని శబ్దం వచ్చింది, మణికట్టుకు ఏదో వదులైనట్టు తెలిసింది. ఇంకో పది నిమిషాలకు ఆ ముక్క పూర్తిగా బయటికి వచ్చి నా అరచేతిలో పడింది. ఇంకా వెచ్చగానే ఉంది. హెడ్‌లోని థ్రెడ్డు చెక్కుచెదరలేదు. ఆ ముక్కను ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలో దాచుకున్నాను.

మానిఫోల్డ్ వంకరపోలేదని స్కేలు పెట్టి చూసుకుని, కొత్త గ్యాస్కెట్, కొత్త బోల్టులు వేసి, మధ్య నుంచి చివరలకు వరసగా రెండు విడతల్లో, చివరికి 25 న్యూటన్ మీటర్ల దాకా, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో బిగించాను. బలం ఉంది కదా అని చేతి లెక్కన బిగిస్తే మళ్లీ అదే గతి పడుతుంది.

ఆయిళ్ల పని దీని ముందు తేలిక. నాలుగు గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అడుగు మూత విప్పినప్పుడు, లోపలి అయస్కాంతం మీద మెత్తటి బూడిదరంగు ముద్ద కనిపించింది. వేళ్ల మధ్య రుద్దితే మినుకుమనే రేకులేమీ తగల్లేదు కనుక అది మామూలు అరుగుదలే. ఫిల్టరు, ప్యాకింగ్ మార్చి కొత్త ఆయిలు పోశాను. ఇలా మూత విప్పితే మొత్తం ఆయిల్లో సగం వరకే మారుతుంది. కొన్ని వారాలు నడిపి ఆ పని మళ్లీ ఒకసారి చేశాను. మిషను పెట్టి ఒత్తిడితో కడిగించమని కొందరు చెప్పారు గాని, చరిత్ర పూర్తిగా తెలియని గేర్‌బాక్స్‌కు అంత బలవంతం అక్కరలేదనిపించింది. ఫోర్ వీల్ గేర్లు ఉండే ట్రాన్స్‌ఫర్ కేసులో పోసే ఆయిలు నీలంగా ఉంటుంది. నా బండిలోంచి కారింది మట్టిరంగుది. కొత్తది పోశాక లో గేరు పడేటప్పటి తడబాటు దాదాపు పోయింది.

సీటు కవరు, ముందు అద్దం, తలుపు కీళ్ల బుష్‌లు, ఐదు టైర్లు చివరి రెండు నెలల్లో ఒక్కొక్కటిగా పూర్తయ్యాయి. తీసిపెట్టిన సొమ్ములో దాదాపు అంతా ఖర్చయింది. అందులో పెద్ద భాగం టైర్లకే పోయింది.

మానిఫోల్డ్ బిగించిన మరునాటి ఉదయం ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండగా అన్నయ్య బానెట్ పక్కన నిలబడ్డాడు. నేను తాళం తిప్పాను. వీ8 ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు లేచి, నిమిషం తరువాత మెత్తని గురగురగా స్థిరపడింది. ఆయన వంగి, కుడివైపు మూల దగ్గర చెవి పెట్టి చాలాసేపు విన్నాడు. టిక్కు లేదు. బానెట్ మూసి, నోటుపుస్తకం అడిగి తీసుకుని, ఆ పని పక్కన తన చేత్తోనే గీత పెట్టాడు. ముప్పై నాలుగు పనుల్లో ఇంకా మూడు మిగిలి ఉన్నాయి. వాటిలో మొదటిది చాసిస్‌ను బ్రష్షుతో గీకి, కడిగి, బాగా ఆరనిచ్చి, తుప్పును ఆపే ప్రైమరు వేయడం. వానలు తగ్గగానే దాన్ని మొదలుపెడతాము.